ఇంటి తలుపులకు ఏ కర్ర కొనాలి? టేకుల్లో తేడాలు, టేకు కాకుంటే ఉన్న దారులు

మా ఇంటి దొడ్డివైపు ద్వారబంధం పెట్టి ఏడేళ్లు తిరగలేదు, దాని ఎడమకాలు గోరుతో గీస్తే పొడిపొడిగా రాలడం మొదలైంది. పైన పాలిష్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. లోపలంతా చెద తిన్న మట్టి. నాన్నకు కోపం, బాధ రెండూ. "టేకుకి చెద పట్టదన్నారు కదరా" అంటూ ఆ ముక్క పట్టుకుని పాత వడ్రంగి మేస్త్రి దగ్గరికి వెళ్లారు. ఆయన దాని కింద చివర ఉలితో రెండు పేళ్లు లేపి చూసి, "టేకేనండి, కాదనట్లేదు. కానీ ఇందులో చేవ బొటనవేలంతే ఉంది. మిగతాదంతా తెల్ల చెక్క. రంగేసి కలిపేశారు" అన్నాడు.

ఆ రోజు నుంచి ఎవరైనా ఇల్లు కడుతూ "బల్లార్షా టేకు మంచిదా, ఆఫ్రికా టేకు మంచిదా?" అని అడిగితే నేను ముందు ఆ ప్రశ్నను పక్కన పెట్టమంటాను. ఏ ఊరి టేకు అన్నది మూడో సంగతి. మొదటిది, కొనే కర్రలో చేవ, అంటే చెట్టు లోపలి ముదురు చెక్క, ఎంత ఉంది. రెండోది, అది ఎంత ఆరింది. ఈ రెండూ కుదిరితే మామూలు టేకు కూడా మనవలు ఇల్లు పడగొట్టి కొత్తది కట్టినా మళ్లీ వాడుకునేలా ఉంటుంది. ఈ రెండూ కుదరకపోతే ఎంత పేరున్న టేకైనా మా దొడ్డి గుమ్మంలాగే అవుతుంది.

టేకులో అంత ఏముంది

టేకు మన దేశం, మయన్మార్, థాయిలాండ్, లావోస్ అడవుల్లో సహజంగా పెరిగే చెట్టు. మిగతా ప్రపంచంలో ఎక్కడ కనిపించినా అది మనుషులు నాటిందే. ఆకు పెద్ద విస్తరంత ఉంటుంది. లేత ఆకు తుంచి అరచేతిలో నలిపితే ఎర్రటి మరక అంటుకుంటుంది. ఎండాకాలంలో మోడుగా నిలబడి, వానలు పడగానే ఆకులేసి, పైన తెల్లటి పూలగుత్తులు ఎత్తుతుంది. కేరళ పరంబికుళంలో కన్నిమర టేకు అని ఒక చెట్టుంది. దాని వయసు 450 ఏళ్ల పైమాటే అంటారు, మొదలు చుట్టూ చేతులు కలపాలంటే నలుగురైదుగురు నిలబడాలి.

కర్రగా దీని గొప్పతనం బలం ఒక్కటే కాదు. బలంలో సాల్, నల్లమద్ది దీన్ని దాటిపోతాయి. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థవాళ్లు మన దేశపు కర్రలన్నిటినీ పోల్చేటప్పుడు టేకుకు ప్రతి గుణంలోనూ 100 మార్కులు వేసి, మిగతావాటిని దానితో కొలుస్తారు. ఆ పట్టికలో బరువుకు, గట్టిదనానికి టేకును మించినవి చాలా ఉన్నాయి. కానీ వానకు ఉబ్బి, ఎండకు కుదించుకుపోయి, మెలితిరిగి తలుపు పట్టేయడం అనే గోల టేకులో చాలా తక్కువ. ఉలికి, చిత్రికకు లొంగుతుంది. మేకు కొడితే పగలదు. చేవలో ఉండే నూనెలాంటి పదార్థాల వల్ల చెద, బూజు దగ్గరికి రావు. బరువు కూడా మధ్యస్థం, ఆరిన కర్ర ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు. ఇన్ని గుణాలు ఒకే చెట్టులో కుదరడమే అరుదు.

నీటికి ఎంత ఆగుతుందో చెప్పడానికి ఒక ఓడ కథ చాలు. 1817లో బొంబాయి రేవులో మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నీళ్ల మీదే ఉంది. రెండు వందల ఏళ్లు దాటింది.

అయితే చెద పట్టదన్న మాట చేవకే వర్తిస్తుంది. చెట్టు బయటివైపు, బెరడు కింద ఉండే తెల్ల చెక్కకు ఆ రక్షణ ఏమీ లేదు. చెదకు మామిడి చెక్క ఎంతో, అదీ అంతే. అమ్మేవాళ్లు "టేకుకి చెద పట్టదండి" అనేటప్పుడు ఈ రెండో ముక్క చెప్పరు.

మన టేకుల్లో ఏ ఊరిది ఎలా ఉంటుంది

మన దగ్గర కర్ర అమ్మే అడితికి వెళ్లగానే వినపడే మొదటి పేరు బల్లార్షా. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, మన ఆసిఫాబాద్ సరిహద్దు దాటగానే వస్తుంది. పాత మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) పేరు మీద దీన్నే సీపీ టేకు అని కూడా అంటారు. వాన తక్కువ పడే నేలలో నిదానంగా పెరిగిన చెట్లు కనుక రంగు ముదురుగా, బంగారపు ఛాయలో ఉంటుంది, అక్కడక్కడా నల్లటి చారలు వస్తాయి. పాలిష్ పెడితే అందం రెట్టింపవుతుంది. అయోధ్య రామాలయం తలుపులకు వాడింది బల్లార్షా నుంచి వచ్చిన టేకే. వాటిని తయారుచేసే పని హైదరాబాద్ సంస్థకు దక్కింది. ఆ వార్త వచ్చాక అడితిలో ప్రతి రెండో దుంగా బల్లార్షా అయిపోయిందని మా మేస్త్రి నవ్వుతుంటాడు.

ఆదిలాబాద్ టేకుది కూడా ఇంచుమించు అదే మట్టి, అదే వాన. జన్నారం, ఉట్నూరు, ఖానాపూర్ వైపు అడవుల్లో పెరిగిన పాత చెట్ల చేవలో లేత గులాబీ ఛాయ ఉంటుంది. నాణ్యతలో బల్లార్షాకు తీసిపోదు, కొన్నిసార్లు మిన్న. కానీ కవ్వాల్ అడవి పులుల అభయారణ్యం అయ్యాక అక్కడ కోత ఎక్కడిది? అందుకే నిజమైన ఆదిలాబాద్ టేకు ఇప్పుడు ఎక్కువగా పాత ఇళ్లు పడగొట్టినప్పుడే దొరుకుతుంది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

గోదావరి టేకు అంటే భద్రాచలం, రంపచోడవరం, మారేడుమిల్లి వైపు కొండల టేకు. ఒకప్పుడు దుంగల్ని తెప్పలుగా కట్టి గోదావరిలో రాజమండ్రి దాకా వదిలేవారు. దీని ప్రత్యేకత అలల్లాంటి పోగు, అంటే చెక్కలోని నారల వరుస. పలక కోసి నున్నగా చిత్రిక పడితే నీటి మీద గాలి వీచినట్టు గీతలు కనపడతాయి. అందుకే దీన్ని ద్వారబంధంగా వాడటం కన్నా తలుపు రెక్కకు, బీరువాకు, సోఫాకు వాడితే దాని అందం దక్కుతుంది. పోగు వంకర ఉన్నచోట చిత్రిక కాస్త చిరాకు పెడుతుంది, అంతే.

కేరళ నిలంబూరు టేకు మరో రకం. 1840లలో మలబారు కలెక్టరు కానోలీ, ఆయన కింద పనిచేసిన చాత్తు మేనోన్ కలిసి అక్కడ నాటించిన తోట ప్రపంచంలోనే పాత టేకు తోటల్లో ఒకటి. వాన ఎక్కువ, మట్టి మంచిది. అందుకని చెట్టు నిటారుగా, లావుగా, ముడులు తక్కువగా పెరుగుతుంది. పొడవాటి, వెడల్పాటి పలకలు కావాలంటే ఇదే. కర్ణాటక దాండేలి టేకు కూడా ఇదే తోవ. మన ఊళ్లలో వీటి వాడకం తక్కువ, రవాణా ఖర్చు కలిస్తే గిట్టుబాటు కాదు.

ఇక బర్మా టేకు. పాత జమీందారీ ఇళ్లలో, చెట్టినాడు మేడల్లో, రంగూన్ వెళ్లొచ్చిన కుటుంబాల ఇళ్లలో కనపడే నల్లటి, లావాటి దూలాలు అవే. పోగు తిన్నగా, రంగు ఒకేలా, ముడి అన్నది దాదాపు లేకుండా ఉంటుంది. కానీ మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని ఆపేసింది. ఆ తర్వాత బయటికి వచ్చేది కోసిన కర్రే. కాబట్టి ఈ రోజు ఎవరైనా గుండ్రటి దుంగ చూపించి "ఇది బర్మా నుంచి ఇప్పుడే దిగింది" అంటే నవ్వి ఊరుకోండి. ఇంటి తలుపులకు బర్మా టేకు కోసం వెంపర్లాడటం నా దృష్టిలో డబ్బు దండగ. ఆ తేడా కంటికి కనపడేది పడవలు చేసేవాళ్లకు.

ఆఫ్రికా టేకు అంటే రెండు అర్థాలు

ఇక్కడే ఎక్కువమంది మోసపోతున్నారు కనుక కొంచెం నిదానంగా చెప్తాను.

ఘనా, నైజీరియా, ఐవరీ కోస్ట్, బెనిన్, టాంజానియా లాంటి దేశాల్లో మన టేకు చెట్టునే తీసుకెళ్లి తోటలుగా నాటారు. అక్కడినుంచి కంటైనర్లలో వచ్చేది నిజమైన టేకే, అదే జాతి. ఈక్వెడార్, కోస్టారికా, బ్రెజిల్ నుంచి వచ్చేది కూడా అంతే. ఇది మొదటి అర్థం.

రెండో అర్థం వేరే చెట్టు. ఇరోకో అనే ఆఫ్రికా చెట్టు కర్ర రంగులో టేకులా ఉంటుంది, దాన్నీ ఆఫ్రికన్ టేకు అనే అమ్ముతారు. చెడ్డ కర్ర కాదు, గట్టిదే, చెదకూ బాగానే ఆగుతుంది. కానీ టేకు ధరకు కొనాల్సిన కర్ర కాదు. తేడా పట్టాలంటే దుంగ చివర అడ్డకోత చూడండి. టేకులో ఏడాదికో వలయం స్పష్టంగా కనపడుతుంది, వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరుసకట్టి ఉంటాయి. ఇరోకోలో వలయాలు అలా విడివిడిగా తెలియవు, పోగు అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది, ఒక్కోసారి కర్ర లోపల సున్నపురాయి లాంటి తెల్లటి గడ్డలు వచ్చి రంపాన్ని కొరుకుతాయి. వాసన కూడా చూడొచ్చు. టేకును కొత్తగా చిత్రిక పడితే పాత తోలు చెప్పుల దుకాణంలోకి వెళ్లినట్టు ఒక వాసన వస్తుంది, చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది.

సరే, నిజమైన టేకే అనుకుందాం. విదేశీ తోట టేకుకూ మన అడవి టేకుకూ తేడా ఏమిటి? వయసు. మన ప్రభుత్వ తోటల్లో టేకును అరవై ఏళ్లు, అంతకు మించి పెంచుతారు. బయటి దేశాల్లో వ్యాపారానికి వేసిన తోటల్లో చాలావాటిని ఇరవై, పాతికేళ్లకే కొట్టేస్తారు. లేత చెట్టు బలంలో మరీ తీసిపోదు, ఈ మాట వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు. కానీ చేవ తక్కువ, తెల్ల చెక్క ఎక్కువ. పైగా ఆ లేత చేవలో చెదను ఆపే శక్తి కూడా ముదురు చేవకున్నంత ఉండదు. రంగు లేత పసుపుగా, కాస్త పాలిపోయినట్టు ఉంటుంది.

అంటే కొనకూడదా? కొనొచ్చు. లోపలి గదుల తలుపులకు, కబోర్డు ఫ్రేములకు, మేడ మీది కిటికీలకు ఘనా టేకు నిక్షేపంలా పనికొస్తుంది. మొదటి షరతు, చేవ ఉన్న లావు దుంగ నుంచి కోసిన సైజులు కావాలి. రెండో షరతు, బల్లార్షా పేరు చెప్పి బల్లార్షా ధర తీసుకోకూడదు. నేల అంతస్తులో, నేలను తాకే గుమ్మానికి మాత్రం నేను పెట్టను.

ధరల వరుస చెప్పాలంటే, ముదురు బర్మా సైజులు అన్నిటికన్నా పైన. దాని కింద లావాటి బల్లార్షా, ఆదిలాబాద్ దుంగలు. తర్వాత గోదావరి, మామూలు సైజు సీపీ. ఆ తర్వాత ఘనా, నైజీరియా, ఈక్వెడార్. అడుగున పొలం గట్టు టేకు. ఒకే రకంలో కూడా చుట్టుకొలత, పొడవు పెరిగేకొద్దీ ఘనపుటడుగు ధర పెరుగుతుంది. ఏడున్నర అడుగుల పైన పొడవున్నదానికి ఒక రేటు, మూడు నాలుగు అడుగుల ముక్కలకు ఇంకో రేటు. అందుకే కిటికీ చట్రాలకు పొడవు దుంగ కోయించకండి, పొట్టి ముక్కలు విడిగా అడగండి.

మన పొలం టేకు

పాతికేళ్ల క్రితం గట్ల మీద టేకు నాటినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో లెక్కలేనంతమంది. "మా పొలంలోనే ఉంది, కొనడమెందుకు" అనే ఆలోచన సహజం. నాదీ అదే ఆలోచన. కానీ నీళ్లు పారే గట్టున, ఎరువు తింటూ గబగబా పెరిగిన చెట్టులో చేవ ఎంత వస్తుందో కొట్టేదాకా తెలీదు. మా మామయ్య గట్టున చూడటానికి నడుమంత లావు చెట్లు నాలుగు కొట్టిస్తే, కోత మిల్లులో తెల్ల చెక్క తీసేశాక ఒక గుమ్మానికి, రెండు కిటికీలకు సరిపోయింది.

వాడుకోవాలంటే రెండు జాగ్రత్తలు. సొంత పొలంలోదైనా చెట్టు కొట్టడానికి, లారీలో తరలించడానికి అనుమతులు కావాలి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, అటవీశాఖ రవాణా పర్మిట్ రెండూ ఇందులోకి వస్తాయి. పర్మిట్ లేని కర్ర దారిలో పట్టుబడితే పొలం మీదే అన్నా వినరు. ఇక కొట్టిన వెంటనే కోయించి గుమ్మం చేయించేయకూడదు. పచ్చి కర్రతో చేసిన గుమ్మం మొదటి వేసవికే బిగువు వదిలి మూలలు విడిపోతుంది.

టేకు కాకపోతే

వేప. పల్లెల్లో తాతల కాలం నుంచి గుమ్మాలకు వాడిన కర్ర. చేవ ఉన్న ముదురు వేపకు పురుగు పట్టదు, కొనాల్సిన పనీ ఉండదు, ఎవరో ఒకరి దొడ్లో ఉంటుంది. దాని జబ్బంతా మెలితిరగడం. పోగు అల్లుకుని ఉంటుంది కనుక వెడల్పాటి పలకగా కోస్తే వంగుతుంది. కాబట్టి ద్వారబంధానికి సరే, రెక్కకు వద్దు. బాగా ఎండిన ముదురు వేప గుమ్మానికి టేకు రెక్కలు బిగించిన ఇల్లు చూస్తే ఆ యజమాని లెక్క తెలిసినవాడని నేననుకుంటాను.

నల్లమద్ది. మొసలి చర్మం లాంటి బెరడుండే చెట్టు. నల్లమలలో, గోదావరి అడవుల్లో విస్తారంగా ఉంటుంది. బరువూ బలమూ టేకును మించినవి. పాత ఇళ్ల దూలాలు చాలావరకు ఇవే. ఆరేటప్పుడు మాత్రం మొండికేస్తుంది, తొందరపెడితే నిలువునా పగులుతుంది. మేకు దిగదు, ముందు బెజ్జం వేయాల్సిందే. కార్పెంటర్ కూలి ఎక్కువ అడుగుతాడు, న్యాయమే. గడపకు దీన్ని మించిన కర్ర తక్కువ.

ఏగిస. కొందరు వేగిస అంటారు, కొన్నిచోట్ల పెద్దేగి. ఎర్రచందనానికి దగ్గరి చుట్టం. షుగర్ ఉన్నవాళ్లు దీని కర్ర గ్లాసులో నీళ్లు పోసుకుని తాగుతుంటారు, ఆ చెట్టే. టేకు తర్వాత గుమ్మాలకు, కిటికీలకు నేను ముందు ఎంచేది ఇదే. గట్టిది, చెదకు ఆగుతుంది, రంగు బాగుంటుంది. తడిస్తే మాత్రం పసుపు మరక దిగుతుంది, పక్కనున్న సున్నం గోడ ఖరాబవుతుంది. పాలిష్‌గానీ పెయింట్‌గానీ వేసి గోడకు బిగించాలి. అడవిలో తగ్గిపోతోంది కనుక అడితిలో ఎప్పుడూ ఉండదు, దొరికితే పర్మిట్ చూసి తీసుకోండి.

సాల్. ఉత్తరాంధ్రలో గుగ్గిలం చెట్టు. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు అలవాటైన కర్ర. నేలకు దగ్గరగా ఉన్నచోట, వాన తగిలేచోట బాగా ఆగుతుంది. కాకపోతే బాగా బరువు, ముదురు రంగు, పాలిష్‌కు అంత అందం రాదు. బజారులో "మలేషియా సాల్" అని అమ్మేది చాలావరకు మన సాల్ కాదు, ఆ కుటుంబానికే చెందిన వేరే చెట్ల కర్ర. అందులో మంచివీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. తక్కువ ఖర్చులో లోపలి ఫ్రేములకు చాలామంది వాడుతున్నారు, తప్పు లేదు. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా, ఎర్రగా ఉండే రకాన్ని మాత్రం బయటి గుమ్మానికి పెట్టొద్దు.

ఎర్రచందనం, ఇరుగుడు అనే రోజ్‌వుడ్ గురించి అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎర్రచందనం శేషాచలం కొండల సొత్తు, దాని మీద నిఘా, కేసులు ఎలా ఉంటాయో కడప, చిత్తూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇంటి తలుపు కోసం ఆ జోలికి పోవద్దు. రోజ్‌వుడ్ ఖరీదుకు తలుపు కన్నా ఒక చిన్న పందిరిమంచం చేయించుకోవడం మేలు.

మామిడి, తుమ్మ, రబ్బరు కర్ర గురించి ఒక్కమాట. తలుపులకు వద్దు. తుమ్మ బండి చక్రాలకు, నాగళ్లకు పుట్టింది.

చెక్క కానివి కూడా ఇప్పుడు పోటీలో ఉన్నాయి. బాత్రూమ్‌కు గ్రానైట్ ఫ్రేమ్, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) తలుపు పెట్టుకోండి, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. రోజూ నీళ్లు కొట్టేచోట టేకు పెట్టి ఏడాదికోసారి పాలిష్ పట్టడం అనవసరపు టెన్షన్. లోపలి గదులకు ఫ్లష్ డోర్ (రెండువైపులా నున్నటి పలక అంటించిన తలుపు) పెట్టేవాళ్లు పైన అంటించిన టేకు పొరను చూసి మోసపోకుండా లోపల ఏం నింపారో, ఫ్లష్ డోర్ల ప్రమాణమైన ఐఎస్ 2202 ముద్ర ఉందో లేదో చూడండి. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు దుమ్ము, చప్పుడు ఆపుతాయి. రోడ్డు పక్క ఇళ్లకు అవే నయం.

నేనైతే ఎక్కడ ఏది పెడతాను

సింహద్వారం నుంచి మొదలుపెడదాం. గడప, రెండు కాళ్లు, పైకమ్మీ నాలుగూ ముదురు చేవ టేకు. బల్లార్షా దొరికితే అదే, లేదంటే నమ్మకమైన మన టేకు ఏదైనా. రెక్క కూడా టేకే. ఇంట్లో ఎక్కడ పొదుపు చేసినా ఇక్కడ చేయొద్దు, ఎందుకంటే ఎండ, వాన, పసుపునీళ్లు, అందరి చేతులూ పడేది ఇక్కడే. గడపను రోజూ కడిగి పసుపు రాసే ఇళ్లలో గడప ఒక్కటి నల్లమద్దితోనో సాల్‌తోనో చేయించి పైది టేకు పెట్టినా బాగుంటుంది. రంగు కలవదని ఇంట్లోవాళ్లు గొణుగుతారు, పసుపు రాశాక రంగెవరికి కనపడుతుంది?

పడకగదుల ఫ్రేములు ఏగిస, వేప, లేదా ఘనా టేకు. రెక్కలు ఫ్లష్ డోర్లు. పూజగది తలుపు చిన్నది కనుక అక్కడ గోదావరి టేకు పెట్టి కాస్త చెక్కించుకోండి, ఖర్చు పెద్దగా కాదు, చూసినప్పుడల్లా తృప్తిగా ఉంటుంది. వంటింటి వెనక తలుపు అందరూ నిర్లక్ష్యం చేసేది, చెద ముందు వచ్చేది అక్కడే. మా అనుభవం చెప్పాను కదా. అక్కడా చేవ టేకే, లేకపోతే రాయి.

బడ్జెట్ మరీ బిగువుగా ఉంటే పాత కర్ర చూడండి. హైదరాబాద్‌లో, విజయవాడలో, రాజమండ్రిలో పాత ఇళ్లు పడగొట్టిన సామాను అమ్మే దుకాణాలుంటాయి. యాభై ఏళ్లు ఇంట్లోనే ఉండి ఆరిన దూలం ఇక వంగదు, పగలదు. చేవ కానిది అప్పటికే పురుగు తినేసి ఉంటుంది కనుక మిగిలింది అసలైన సరుకు. పాత మేకులు వెతికి తీయించకపోతే మిల్లువాడి రంపం విరుగుతుంది, వాడు ఊరుకోడు. నాకు కొత్త టేకు కన్నా ఇదే ఇష్టం, నిజం చెప్పాలంటే.

కొలతలో జరిగే మాయ

కోసిన సైజులకు లెక్క సులువు. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు. ఏడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు సింహద్వారానికి 5 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న కమ్మీ (చట్రపు కర్ర) అనుకోండి. రెండు కాళ్లు 14 అడుగులు, గడప, పైకమ్మీ కలిపి 8, మొత్తం 22 అడుగులు. 22ను 5తో, 4తో గుణిస్తే 440, దాన్ని 144తో భాగిస్తే మూడు ఘనపుటడుగులు దాటుతుంది. గడప లేని పడకగదికి, ఏడు, మూడు అడుగుల కొలతలో, 4, రెండున్నర అంగుళాల కమ్మీకి ఒకటింబావు కూడా పట్టదు. ఈ లెక్క మీరు ముందే వేసుకుని వెళ్తే అడితిలో మాట తీరే మారుతుంది.

కమ్మీ 5, 4 అని రాసి చేతికి 4.75, 3.75 ఇవ్వడం మామూలు. చిత్రిక పట్టక ముందు కొలతా, పట్టాక కొలతా అన్నది బేరం కుదిరేముందే తేల్చుకోండి.

దుంగలు కొంటే పద్ధతి వేరు. చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి పొడవుతో గుణిస్తారు. నాలుగడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవుంటే ఈ లెక్కన సరిగ్గా 10 ఘనపుటడుగులు. అసలు దుంగలో ఉన్నది 12.7 పైనే, అంటే కొనేవాడికి లాభంలా కనపడుతుంది. కానీ అదే గుండ్రటి దుంగను చతురస్రంగా చెక్కితే మిగిలేది 8 చిల్లర మాత్రమే. రంపపు పొట్టు, తెల్ల చెక్క, పుచ్చు, వంకర పోను ఇంకా తగ్గుతుంది. పది అడుగులకు డబ్బు కట్టి ఆరేడు అడుగుల పనికొచ్చే కర్ర ఇంటికి తెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. కాబట్టి దుంగ ధర చౌక అని తొందరపడకుండా, కోత కూలి, తరుగు కలిపి సైజుల ధరతో పోల్చండి. ప్రభుత్వ డిపోల వేలంలో లెక్క ఘనపు మీటర్లలో ఉంటుంది, ఒక ఘనపు మీటరుకు 35.3 ఘనపుటడుగులు.

అడితిలో నిలబడి చూడాల్సినవి

పగటివేళ వెళ్లండి. ట్యూబ్‌లైటు కింద తెల్ల చెక్క, చేవ ఒకేలా కనపడతాయి. కమ్మీ నాలుగు అంచులూ తిప్పి చూడండి, ఒక అంచున పాలిపోయిన పట్టీ ఉంటే అదే తెల్ల చెక్క. అరంగుళం లోపు ఉండి గోడవైపు పోతుందంటే ఒప్పుకోవచ్చు, నేలను తాకే కాళ్లకు మాత్రం ఒక్క గీత కూడా వద్దు. ముందే రంగు పూసిన కర్ర కొనొద్దు. పూశాం అంటే ఒక మూల చిత్రిక పట్టి చూపించమనండి. మూడు నిమిషాల పని, దానికి ఎవరైనా విసుక్కుంటే ఆ విసుగులోనే జవాబుంది.

కమ్మీ చివర అడ్డకోతలో సన్నటి నక్షత్రం లాంటి పగుళ్లు ఉంటే అది చెట్టు నడిబొడ్డు. ఆ ముక్క తర్వాత నిలువునా చీలుతుంది. చిన్న ముడి పర్వాలేదు, ఊడిపోయే నల్లముడి మూలకట్టు దగ్గర వస్తే మార్చమనండి.

తేమ సంగతి. ఆరిన కర్రలో తేమ పన్నెండు శాతం చుట్టుపక్కల ఉండాలి. తేమ కొలిచే మీటరు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవకగానే దొరుకుతుంది, అడితికి పట్టుకెళ్తే చాలు, మీరు కొత్తవాళ్లు కాదని వాళ్లకు అర్థమవుతుంది. కిల్న్‌లో (వేడిగాలి గదిలో) ఆరబెట్టిందైతే మంచిదే. లేకపోతే పునాది తవ్వే రోజునే కర్ర కొనేసి, నీడన, నేలకు ఎత్తుగా, వరుసకూ వరుసకూ మధ్య సన్నని పేళ్లు పెట్టి గాలి ఆడేలా పేర్చుకోండి. స్లాబు పడి గోడలు లేచేసరికి కొన్ని నెలల ఎండుదల ఉచితంగా దొరుకుతుంది.

అమెరికా నుంచో దుబాయ్ నుంచో ఊళ్లో ఇల్లు కట్టిస్తున్నవాళ్లు వాట్సాప్ ఫొటో చూసి కర్ర ఓకే చేస్తుంటారు. ఫొటోలో చేవ తెలీదు. పాలిష్ పట్టకముందు ప్రతి కమ్మీ రెండు చివర్లూ, నాలుగు వైపులా పగటి వెలుగులో వీడియో తీయించండి, తీసేవాడు అడితి మనిషి కాకుండా మీ మనిషి అయితే మేలు. బిల్లు మీద "టేకు" అని ఒక్క మాట కాకుండా ఏ దేశపు టేకు, ఎన్ని ఘనపుటడుగులు అని రాయించండి.

చివరిగా బిగించే రోజు. గోడకు, నేలకు ఆనే వైపులకు చెద మందు, దాని మీద ప్రైమరు రెండు పట్లు పట్టించాకే గుమ్మం నిలబెట్టాలి. నిలబెట్టాక ఆ వైపు మళ్లీ చేయి దూరదు. మేస్త్రి "టేకుకి ఇవన్నీ ఎందుకండి" అంటాడు. మా దొడ్డి గుమ్మం పెట్టినాయన కూడా అదే అన్నాడు.